బూగరో: కొలువులో వెలిగి, గోదాముల్లోకి చేరి, మళ్ళీ గోడకెక్కిన ఫ్రెంచ్ చిత్రకారుడు

ఫోన్‌లో పాత యూరోపియన్ చిత్రాలు చూసే అలవాటున్నవాళ్ళకి విలియం-అడోల్ఫ్ బూగరో బొమ్మ ఒకటైనా ఎదురుపడే ఉంటుంది, పేరు తెలియకపోయినా. చెప్పుల్లేని పల్లెపిల్ల ఒకతె రాతిమీద కూర్చుని సూటిగా మనవైపు చూస్తుంటుంది. లేదా బట్టల్లేని వనకన్యలు మేకకాళ్ళ మనిషినొకణ్ణి నీళ్ళలోకి లాగుతుంటారు. కుంచె ఆనవాలు ఎక్కడా కనిపించదు. మనిషి చేత్తో ఇలా వేయగలడా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన గురించి చదవబోతే గందరగోళం మొదలవుతుంది. ఒకచోట ఆయన 19వ శతాబ్దపు మేటి చిత్రకారుడనీ, ఆధునిక కళ పేరు చెప్పుకున్నవాళ్ళు కావాలని తొక్కేశారనీ ఉంటుంది. ఇంకోచోట డబ్బున్నవాళ్ళ గోడలకి తీయతీయటి బొమ్మలు వేసిపెట్టాడనీ, కొత్తవాళ్ళ దారికి అడ్డుపడ్డాడనీ ఉంటుంది.

రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ ఆయన్ని ఒంటరి మనిషిగా చూస్తాయి. బూగరోని పైకి తెచ్చింది ఒక పెద్ద ఏర్పాటు: అకాడమీ, దాని బడి, బహుమతి, ఏటేటా జరిగే ప్రదర్శన, చిత్రాల వ్యాపారి, అట్లాంటిక్ అవతలి కొనుగోలుదారు. ఆ ఏర్పాటు కూలినప్పుడు ఆయన పేరు కూడా దాంతోపాటే కూలింది. అందుకని ముందు దాన్ని తెలుసుకోవాలి. చిత్రాల మంచిచెడ్డలు ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఫ్రాన్స్‌లో "అకడమిక్" చిత్రకళ అంటే

పారిస్‌లో రాజు అండతో చిత్రకారుల, శిల్పుల అకాడమీ 1648లో మొదలైంది. ఫ్రెంచ్ విప్లవం దాన్ని రద్దు చేసినా, 19వ శతాబ్దం వచ్చేసరికి లలితకళల అకాడమీగా మళ్ళీ నిలబడింది. అందులో చిత్రకారులకి 14 స్థానాలు ఉండేవి. సభ్యుడు చనిపోతేనే ఆ స్థానం ఖాళీ అయ్యేది. బడిలో ఏం నేర్పాలి, ఎవరికి బహుమతి ఇవ్వాలి, ప్రదర్శనలో ఏ చిత్రం గోడకెక్కాలి అన్న విషయాల్లో ఈ కొద్దిమంది మాటకి చాలా బరువుండేది.

వాళ్ళ దృష్టిలో చిత్రాలన్నీ ఒకే మెట్టు మీద ఉండవు. పురాణం, చరిత్ర, బైబిల్ నుంచి ఒక ఘట్టాన్ని తీసుకుని చాలామంది మనుషుల్ని పెద్ద కాన్వాస్ మీద నిలబెట్టే చిత్రం అన్నిటికన్నా పైది. దాని కింద ముఖచిత్రం, ఆ కింద రోజువారీ జీవితం, ఇంకా కింద ప్రకృతి దృశ్యం, అట్టడుగున పళ్ళూ పాత్రలూ. ఈ వరుసని 1667లోనే ఆంద్రే ఫెలిబియాన్ రాసిపెట్టాడు. మనిషి శరీరాన్ని తప్పులేకుండా గీయగలగడం చిత్రకారుడి చదువుకి గీటురాయి అని వాళ్ళ నమ్మకం. అందుకే ముందు అచ్చుబొమ్మల్ని చూసి గీయాలి. తర్వాత పాత శిల్పాల ప్లాస్టర్ నమూనాల్ని, ఆ తర్వాతే ఎదుట నిలబడ్డ మనిషిని. రంగు చివర్లో వచ్చేది.

ఇక ప్రదర్శన. దాన్ని సలోన్ అనేవారు. 19వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో చిత్రకారుడు జనం కంట పడాలంటే దాదాపు ఇదొక్కటే దారి. వేల చిత్రాలు నేల నుంచి కప్పు దాకా గోడలనిండా వేలాడేవి. లక్షలమంది వచ్చి చూసేవారు. పత్రికలు వారాల తరబడి సమీక్షలు రాసేవి. ఏది లోపలికి రావాలో న్యాయనిర్ణేతల సంఘం తేల్చేది. తిరస్కరించిన కాన్వాస్‌ని కొనేవాడు దొరకడం కష్టం, కాబట్టి తిరస్కారమంటే పరువుతోపాటు తిండికి కూడా దెబ్బే. 1863లో వచ్చిన సుమారు 5,000 చిత్రాల్లో సగానికి పైగా వెనక్కి పంపితే పెద్ద గొడవై, చక్రవర్తి మూడో నెపోలియన్ తిరస్కృతుల కోసం పక్కనే వేరే ప్రదర్శన పెట్టించాల్సి వచ్చింది. ఎడ్వార్ మానే వేసిన పచ్చికమీది విందు చిత్రాన్ని జనం ఎగతాళి చేసింది అక్కడే. అదే ఏడాది అసలు సలోన్‌లో అలెగ్జాండర్ కబనెల్ వేసిన వీనస్ జననాన్ని చక్రవర్తి స్వయంగా కొన్నాడు. రెండు చిత్రాల్లోనూ నగ్న స్త్రీ ఉంది. కబనెల్ ఆమెకి దేవత పేరు పెట్టాడు. మానే ఆమెని కోట్లు తొడుక్కున్న పారిస్ మగవాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. అకడమిక్ పద్ధతిలో కథ అనే ముసుగుకి ఎంత విలువుండేదో ఈ ఒక్క ఏడాది చెబుతుంది.

లా రోషెల్ కుర్రాడు రోమ్ చేరిన దారి

బూగరో 1825 నవంబర్ 30న అట్లాంటిక్ తీరంలోని లా రోషెల్‌లో పుట్టాడు. ఇంట్లో ద్రాక్షసారా, ఆలివ్ నూనె వ్యాపారం. ఆ ఇంటి రాబడికి నిలకడ లేదు. పల్లెలో పాదిరీగా ఉన్న బాబాయి యూజీన్ ఈ పిల్లాణ్ణి తన దగ్గర పెట్టుకుని లాటిన్, గ్రీకు పురాణాలు, బైబిల్ కథలు నేర్పాడు. ముందుముందు ఆయన వేసే చిత్రాల కథలన్నిటికీ విత్తనం పడింది ఆ ఊళ్ళోనే. తర్వాత కుటుంబం బోర్డోకి మారింది. అక్కడి మున్సిపల్ బొమ్మల బడిలో చదువుకుంటూ, ఖర్చులకోసం జామ్ సీసాల లేబుళ్ళకి రంగులు వేశాడు. 1844లో ఆ బడిలో మొదటి బహుమతి వచ్చింది. పారిస్ వెళ్ళడానికి డబ్బు కావాలి. బాబాయి ఉన్న ప్రాంతంలో ఇంటింటివాళ్ళ ముఖచిత్రాలు వేసి అది కూడబెట్టాడు.

1846లో పారిస్‌లోని అకాడమీ బడి ఎకోల్ దే బోజార్‌లో చేరాడు. తీసుకున్న 100 మందిలో ఆయనది 99వ స్థానం. ఆయన్ని పుట్టుమేధావిగా మొక్కేవాళ్ళు ఈ సంగతి గమనించాలని నా కోరిక. ఆ 99వ స్థానం నుంచి పైకి రావడానికి ఆయన చేసింది ఒళ్ళొంచి పనిచేయడం. పికో అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశాడు, శవపరీక్షలకి వెళ్ళి కండరాలు ఎముకలకి ఎక్కడ అతుక్కుంటాయో చూసి గీసుకున్నాడు, పాతకాలపు దుస్తులు, పురావస్తువుల గురించి చదివాడు.

ఆ బడిలో చేరినవాళ్ళందరి కన్నూ రోమ్ బహుమతి మీదే. పెళ్ళికాని, 30 ఏళ్ళు నిండని ఫ్రెంచ్ కుర్రాళ్ళకే పోటీ. వడపోతలో మిగిలిన పదిమందికి ఒక ఘట్టం ఇచ్చి, తలా ఒక గదిలో పెట్టి, రెండు నెలలకి పైగా ఎవరి సాయమూ లేకుండా చిత్రం పూర్తిచేయించేవారు. బూగరో 1848లో పోటీపడ్డాడు, 1849లో మళ్ళీ పడ్డాడు, 1850లో గెలిచాడు. ఆ ఏడాది ఘట్టం: భర్త కత్తితో పొడిచి అరాక్సెస్ నదిలో వదిలేసిన రాణి జెనోబియాని పశువుల కాపరులు కాపాడటం. పాల్ బోద్రీతోపాటు ఈయనకి కూడా రోమ్‌లోని విల్లా మెదీచీలో సర్కారు ఖర్చుతో ఉండే అవకాశం దొరికింది. 1854 దాకా ఇటలీలో ఊరూరా తిరిగి రాఫెల్‌నీ, ఇతర పాత గురువులనీ చూసి నకళ్ళు గీశాడు.

ఆ తర్వాతి మెట్లు చకచకా ఎక్కాడు. 1859లో లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు వచ్చింది. 1876లో అకాడమీలోని 14 స్థానాల్లో ఒకటి దక్కింది. 1885లో సలోన్ గౌరవ పతకం అందుకున్నాడు. 1888లో, ఒకప్పుడు 99వ స్థానంలో చేరిన బడిలోనే ఆచార్యుడయ్యాడు. బతికినన్నాళ్ళూ చేతిలో కుంచె వదల్లేదు. ఆయనవిగా లెక్కకొచ్చిన చిత్రాలు 822.

ఒక చిత్రం ఎలా తయారయ్యేది

ఆయన చిత్రాలు చూసి "అచ్చం ఫోటోలా ఉంది" అంటారు. ఇది సగమే నిజం. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు దింపడం ఆయన పద్ధతి కాదు. పని ఏ వరుసలో జరిగేదో చూస్తే ఇది తెలుస్తుంది.

ఉదాహరణకి ముగ్గురు మనుషులున్న చిత్రమొకటి అనుకుందాం. మొదట చిన్న కాగితం మీద గీతల్లో కూర్పు, ఎవరు ఎటు ఒరిగారో, చూపు ఎక్కడి నుంచి ఎక్కడికి జారాలో. తర్వాత చిన్న కాన్వాస్ మీద రంగుల్లో ముతకగా అదే కూర్పు. ముఖాలుండవు, వెలుగూ నీడా మాత్రమే. మూడోదశలో మోడల్‌ని నిలబెట్టి ఒక్కో శరీరాన్ని విడిగా గీయడం. తల, చెయ్యి, పాదం ఒక్కోదానికి మళ్ళీ వేరే అధ్యయనం. బట్ట మడతలకి ఇంకోటి, వెనక ఉండే మొక్కలకి మరొకటి. ఇవన్నీ కుదిరాక అసలు పరిమాణంలో రేఖాచిత్రం గీసి కాన్వాస్ మీదికి ఎక్కించడం. అప్పుడు పలుచటి మొదటి పూత, దానిమీద పొరలు. చివరికి ఒక రంగు ఇంకో రంగులో కలిసే అంచుని మెత్తటి కుంచెతో చెరిపేసి, చెయ్యి తగిలిన జాడే లేకుండా చేయడం.

అంటే మనకి కనిపించే ఆ పల్లెపిల్ల ఏ ఒక్క క్షణంలోనూ అలా కూర్చుని ఉండలేదు. పాదం ఒకరోజు, ముఖం ఒకరోజు, ఆకాశం ఇంకోరోజు. వాటిని అతుకు కనపడకుండా కలపడంలో, కలిపేటప్పుడు మొటిమనీ ముడతనీ తీసేయడంలో ఆయన నేర్పంతా ఉంది. అందం ప్రకృతిలో అక్కడక్కడా చెదిరి ఉంటుంది, దాన్ని ఏరి ఒకచోట చేర్చడమే చిత్రకారుడి పని అన్న అకాడమీ సూత్రం ఇదే. మోనే లాంటి ఇంప్రెషనిస్టు చిత్రకారులు సరిగ్గా ఇక్కడే ఎదురు తిరిగారు. ఒక గంటలో మారిపోయే వెలుగుని ఆ గంటలోనే పట్టాలన్నది వాళ్ళ పట్టుదల. 1841లో వచ్చిన లోహపు రంగు ట్యూబులు వాళ్ళకి ఆరుబయట కూర్చుని వేసే వీలిచ్చాయి. బూగరో నునుపూ, మోనే గరుకు కుంచె గుర్తులూ రెండు వేర్వేరు ప్రశ్నలకి రెండు జవాబులు. ఒకరికి చేతకాక అలా వేయలేదు, ఇంకొకరికి ఊహ లేక ఇలా వేయలేదు.

నరకంలో ఇద్దరు, నీటి ఒడ్డున అయిదుగురు

ఆయనకి బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ అన్నది రెండు చిత్రాల్ని పక్కపక్కన పెడితే బాగా తెలుస్తుంది.

మొదటిది 1850లో, 25 ఏళ్ళకి వేసిన "డాంటే, వర్జిల్". ఇప్పుడు పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎత్తు 2.8 మీటర్లు. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో పాత రోమన్ కవి వర్జిల్ వెంట నరకం చూడబోతాడు. అక్కడ మోసగాళ్ళని శిక్షించే చోట జాన్ని స్కీకీ అనేవాడు కపోక్కియో అనేవాడి మీదపడి మెడ కొరుకుతుంటాడు. మోకాలు వీపులో గుచ్చుకుని ఉంటుంది, వేళ్ళు చర్మాన్ని పీకుతుంటాయి, నరాలు తాళ్ళలా ఉబ్బుతాయి. పక్కన ఇద్దరు కవులు బిత్తరపోయి చూస్తుంటే, వెనక ఎర్రటి వెలుగులో గబ్బిలం రెక్కల దెయ్యం చేతులు కట్టుకుని నవ్వుతుంటుంది. శవాల గదిలో నేర్చుకున్న శరీరజ్ఞానమంతా ఇందులో పనికొచ్చింది. ఇది చూశాక బూగరోకి తీపి తప్ప ఏమీ రాదని ఎవరూ అనలేరు.

రెండోది 1873 నాటి "వనకన్యలు, సాటిర్". నీళ్ళంటే భయమున్న మేకకాళ్ళ సాటిర్‌ని నలుగురు కన్యలు చెరువులోకి లాగుతున్నారు. నలుగురి శరీరాలు నాలుగు కోణాల్లో తిరిగి, చేతులు ఒకదాన్నొకటి అందుకుంటూ, చూసేవాడి కన్ను ఆ వలయంలో గిరగిరా తిరుగుతుంది. కూర్పు అద్భుతం. కానీ ఇందులో ప్రమాదమేమీ లేదు. సాటిర్ నిజంగా మునుగుతాడన్న భయం మనకి కలగదు, ఎందుకంటే చిత్రకారుడికి ఆ కథకన్నా ఆ వీపుల మీద పడే వెలుగు మీదే మనసుంది. నరకచిత్రంలో కొన్నవాడి ముఖం గుర్తురాదు. ఇక్కడ గుర్తొస్తుంది.

ఆ ఇరవై మూడేళ్ళలో ఏం మారిందో ఆయనే తర్వాతి రోజుల్లో సూటిగా ఒప్పుకున్నాడు. భయంకరమైనవీ, విషాదమైనవీ జనం కొనలేదు. వీనస్‌లూ మన్మథులూ కావాలన్నారు. ఆయన అవే ఇచ్చాడు.

పారిస్‌లో వేసి న్యూయార్క్‌లో అమ్మడం

మొదట్లో ఆయన చిత్రాలు అమ్మింది పాల్ దురాన్-రుయెల్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 1866 నుంచి గూపిల్ కంపెనీ ఆ పని చేపట్టింది. గూపిల్ బలం రెండు చోట్ల ఉంది. న్యూయార్క్‌లో ముందునుంచే వాళ్ళ వ్యాపారం పాతుకుని ఉంది. పైగా చిత్రాన్ని ఒకసారి అమ్మి ఊరుకోకుండా, దాని అచ్చు ప్రతులు తీసి మధ్యతరగతి ఇళ్ళకి చేర్చేవారు. మూలచిత్రం ఒక కోటీశ్వరుడి హాల్లో, దాని నకలు వేల ఇళ్ళ గోడల మీద.

అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలో రైలుమార్గాలు, బట్టల దుకాణాలతో కొత్తగా డబ్బు చేసినవాళ్ళకి యూరప్ సంస్కారం ఇంట్లో కనిపించాలన్న తపన ఉండేది. న్యూయార్క్ వ్యాపారి ఎ.టి. స్టీవర్ట్ బూగరోతో ప్రత్యేకంగా వేయించుకున్నాడు. పతకాలూ బిరుదులూ ఉన్న చిత్రకారుణ్ణి కొనడంలో వాళ్ళకొక భరోసా ఉంది: బొమ్మ మంచిదో కాదో ఫ్రెంచ్ అకాడమీ ముందే తేల్చేసింది. ఈ దిగుమతులకి అడ్డుకట్టగా అమెరికా 1883లో విదేశీ చిత్రాల మీద సుంకాన్ని 10 శాతం నుంచి 30 శాతానికి పెంచింది. 10,000 డాలర్ల చిత్రానికి అంతకుముందు 1,000 కట్టేవాడు ఇప్పుడు 3,000 కట్టాలి. అమెరికన్ చిత్రకారుల్ని కాపాడటానికే అన్నారు, కానీ ఆ చిత్రకారుల్లో చాలామంది దీన్ని ఇష్టపడలేదు. పారిస్‌లో ఉచితంగా చదువు చెప్పించుకుంటూ ఫ్రెంచ్ గురువుల బొమ్మల మీద పన్ను వేయడం వాళ్ళకి సిగ్గుగా తోచింది.

వనకన్యల చిత్రం నడిచిన దారి ఈ మార్కెట్ కథకి నిలువెత్తు ఉదాహరణ. మొదట న్యూయార్క్ సేకర్త జాన్ వుల్ఫ్ కొన్నాడు. 1882 నుంచి అది హాఫ్‌మన్ హౌస్ హోటల్ బార్‌లో వేలాడింది. తాగడానికి వచ్చినవాళ్ళు అద్దంలో దాని ప్రతిబింబం చూసేవారు. చుట్టపెట్టెల మీద ఆ బొమ్మ అచ్చయింది. 1901లో బార్ నుంచి తీసి గోదాములో పడేశారు. నలభై ఏళ్ళ తర్వాత, 1940ల మొదట్లో, రాబర్ట్ స్టెర్లింగ్ క్లార్క్ దాన్ని బయటికి తీసి కొన్నాడు. ఇప్పుడు మసాచుసెట్స్‌లోని విలియమ్స్‌టౌన్‌లో ఆయన స్థాపించిన మ్యూజియంలో ఉంది.

ఇంట్లో పడ్డ దెబ్బలు

ఈ కొనుగోళ్ళ లెక్కలోకి రాని చిత్రాలు కొన్ని ఉన్నాయి. బూగరోకి, మొదటి భార్య నెల్లీ మోంషబ్లాన్‌కి అయిదుగురు పిల్లలు. 1875లో కొడుకు జార్జ్ 16వ ఏట పోయాడు. 1877లో నెల్లీ పోయింది, రెండు నెలలు తిరక్కుండా చంటిబిడ్డ పోయాడు. అంతకుముందే ఒక కూతురు పోయింది. 1900లో ఇంకో కొడుకు పాల్ కూడా పోయాడు. అయిదుగురిలో నలుగురిని ఆయన తన చేతులమీదుగానే సాగనంపాడు.

జార్జ్ జ్ఞాపకార్థం 1876లో "పియెతా" వేశాడు. నల్లటి ముసుగులో మేరీమాత కొడుకు శవాన్ని పొదివి పట్టుకుని మనవైపు చూస్తుంటుంది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు. చుట్టూ దేవదూతలు రంగురంగుల బట్టల్లో వలయంగా. మరుసటి ఏడు "ఓదార్పు మాత". మేరీ ఒడిలో ఒక తల్లి కూలబడి ఉంది, పాదాల దగ్గర ఆమె బిడ్డ చనిపోయి ఉన్నాడు. మేరీ చేతులు పైకెత్తి ఉన్నాయి, ఆమె కూడా ఏం చేయగలదు? అకడమిక్ పద్ధతిలో భావం ఉండదు, నైపుణ్యమే ఉంటుంది అనే మాట ఈ రెండింటి ముందు నిలబడదు. పద్ధతి అదే, మెట్లు అవే, చివరి నునుపు కూడా అదే. చెప్పడానికి మనిషి దగ్గర మాట ఉంటే ఆ పద్ధతి దాన్ని మోయగలిగింది.

మురికి అంటని పాదాలు

ఆయన మీద వచ్చిన విమర్శల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచేది పేదపిల్లల చిత్రాల గురించి. గొర్రెలకాపరి అమ్మాయి, హేజెల్‌కాయలు ఏరుకునే అక్కాచెల్లెళ్ళు, అడుక్కునే పిల్లలు. వీళ్ళందరి పాదాలకీ చెప్పులుండవు, ఒక్క పగులూ ఉండదు. బట్టకి చిరుగు ఉంటుంది, మరక ఉండదు. అదే కాలంలో మీయె 1857లో వేసిన "పరిగె ఏరుకునేవాళ్ళు" చూడండి. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్ళు నడుం విరిగేలా వంగి ఉంటారు. ముఖాలు సరిగా కనిపించవు, బరువు కనిపిస్తుంది. బూగరో పిల్లల్లో ముఖం కనిపిస్తుంది, పని కనిపించదు. కొన్నవాడి హాల్లో ఎవరి మనసూ కలతపడకుండా వేలాడే పేదరికం అది.

దీనికి ఆయన పక్షం నుంచి ఒక జవాబు ఉంది, దాన్ని కూడా న్యాయంగా వినాలి. పేదవాళ్ళని ఎప్పుడూ వంగిపోయినవాళ్ళుగా, ముఖం లేనివాళ్ళుగా చూపించడం మాత్రం గౌరవమా? పురాణ దేవతలకి ఇచ్చిన శ్రద్ధనే ఈ పిల్లలకీ ఇచ్చాడు, వాళ్ళని నిటారుగా కూర్చోబెట్టి మన కళ్ళలోకి చూడనిచ్చాడు అంటారు. డెట్రాయిట్ మ్యూజియంలో ఉన్న "హేజెల్‌కాయలు" ముందు జనం ఇప్పటికీ ఆగుతారు, ఆ ఇద్దరు పిల్లల మధ్య మాట నిజమైనదిగా అనిపిస్తుంది కాబట్టి. ఈ జవాబు నన్ను కొంతవరకే ఒప్పిస్తుంది. ఒకటి రెండు చిత్రాల్లో అది గౌరవమే. అదే ముఖకవళిక, అదే శుభ్రత ఏళ్ళ తరబడి ఒకే రకం కొనుగోలుదారుడికి తిరిగి తిరిగి వెళ్ళినప్పుడు అది సరుకైపోయింది.

ఇంప్రెషనిస్టుల్ని ఆయనే అడ్డుకున్నాడా?

ఇక్కడ వాస్తవమూ పుకారూ బాగా కలిసిపోయాయి. వాస్తవమేమిటంటే బూగరో సలోన్ న్యాయనిర్ణేతల్లో, నిర్వాహకుల్లో ముఖ్యుడు. 1881లో ప్రభుత్వం సలోన్‌ని చిత్రకారుల సంఘానికి అప్పగించాక ఆ సంఘంలోనూ పెద్దతలకాయ. సెజాన్ ఏళ్ళ తరబడి చిత్రాలు పంపి తిరస్కారాలు తిన్నాడు, 1882లో ఒక్కసారి లోపలికి రాగలిగాడు. ఆ ప్రదర్శనని ఆయన "బూగరో సలోన్" అని కసిగా అనేవాడని చెప్పుకుంటారు. డెగా, ఆయన స్నేహితులు అతినునుపు చిత్రాల్ని బూగరో పేరుతోనే వెక్కిరించేవారు. రచయిత హుయిస్మాన్స్ బూగరో 1879లో వేసిన "వీనస్ జననం" మీద విరుచుకుపడ్డాడు. ఆ శరీరంలో ఎముక లేదు, కండ లేదు, గాలి మాత్రమే ఉంది అన్నది ఆయన మాటల సారం.

కానీ తిరస్కరించింది ఒక్క మనిషి కాదు, సంఘం. 1863లో మానేని వెనక్కి పంపేనాటికి బూగరో అకాడమీ సభ్యుడు కూడా కాదు. 1874లో మోనే, రెన్వార్, పిసారో, డెగా తదితరులు ఫోటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో సొంత ప్రదర్శన పెట్టుకున్నప్పుడు సలోన్ గుత్తాధిపత్యం బీటలువారడం మొదలైంది. 1890లో సలోన్ నిర్వాహకుల్లోనే చీలిక వచ్చి, మెసోనియే, పువీ ద షవాన్ వేరు కుంపటి పెట్టుకున్నారు. వాళ్ళు కూడా పాతపద్ధతి పెద్దలే. అంటే కోట బయటి నుంచి ఎంత దెబ్బతిందో లోపలి నుంచీ అంత దెబ్బతింది.

ఇక దురాన్-రుయెల్. బూగరోని వదిలేశాక ఆయన 1870-71 యుద్ధకాలంలో లండన్‌లో మోనే, పిసారోలని కలిశాడు, వాళ్ళని నమ్మి దివాలా అంచుదాకా వెళ్ళాడు. 1886లో వాళ్ళ చిత్రాల్ని న్యూయార్క్ తీసుకెళ్ళాక నిలదొక్కుకున్నాడు. బూగరోకి భాగ్యం తెచ్చిన అమెరికా డబ్బే ఇంప్రెషనిస్టుల్నీ గట్టెక్కించింది. ఒకవైపు అమ్ముడుపోయిన కళ, మరోవైపు అమ్ముడుపోని పవిత్ర కళ అనే లెక్క అందుకే కుదరదు. వ్యాపారి ఒక్కొక్కప్పుడు ఒకడే, కొన్నవాళ్ళ ఊరూ అదే.

గురువుగా

1875 నుంచి ఆయన అకాడెమీ జూలియన్ అనే ప్రైవేటు బడిలో చెప్పేవాడు. ఎకోల్ దే బోజార్ 1897 దాకా ఆడవాళ్ళని చేర్చుకోలేదు. జూలియన్ చేర్చుకునేది, మగవాళ్ళకన్నా ఎక్కువ ఫీజు తీసుకుని. దేశదేశాల నుంచి వచ్చిన అమ్మాయిలు అక్కడ నిజమైన మోడల్‌ని చూసి గీయడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ నుంచి 1864లో పారిస్ వచ్చిన ఎలిజబెత్ గార్డ్‌నర్ ఆయన దగ్గర నేర్చుకుంది. ఆడవాళ్ళకి ప్రవేశం లేని గీతల క్లాసుకి వెళ్ళడానికి పోలీసుల అనుమతి తీసుకుని మగదుస్తులు వేసుకున్న మనిషి ఆమె. 1887లో సలోన్ పతకం అందుకుంది. 1879లో బూగరోతో నిశ్చితార్థం అయింది, కానీ ఆయన తల్లి ససేమిరా అంది. ఆ ముసలావిడ పోయాక 1896లో, ఆయనకి 70 ఏళ్ళప్పుడు పెళ్ళి చేసుకున్నారు. ఆమె చిత్రాలు ఆయన చిత్రాల్లాగే ఉంటాయని ఎవరైనా అంటే, ఊరూపేరూ లేకుండా ఉండటం కన్నా బూగరోని బాగా అనుకరించేదాన్నని అనిపించుకోవడమే మేలని చెప్పేది. ఆ మాటలో ధైర్యం ఉంది, నష్టం కూడా ఉంది. ఆమె సొంత గొంతు ఎలా ఉండేదో మనకి తెలిసే అవకాశం లేకపోయింది.

అదే జూలియన్ బడిలో 1891లో ఒక కుర్రాడు కొన్నాళ్ళు ఆయన దగ్గర కూర్చుని, నచ్చక వెళ్ళిపోయాడు. అతను హెన్రీ మతీస్. 1905 ఆగస్టు 19న బూగరో లా రోషెల్‌లో కన్నుమూశాడు. అదే ఏడాది శరదృతువులో మతీస్, అతని మిత్రులు పారిస్ ప్రదర్శనలో గోడలమీద పచ్చి రంగులు పరిచారు. విమర్శకులు వాళ్ళని అడవి జంతువులన్నారు.

పడిపోవడం, మళ్ళీ లేవడం

20వ శతాబ్దంలో కళాచరిత్రని తిరుగుబాటుదారుల వరసగా రాశారు: కూర్బె, మానే, మోనే, సెజాన్, పికాసో. ఆ కథకి ఒక ప్రతినాయకుడు కావాలి, బూగరో సరిపోయాడు. 1939లో అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అకడమిక్ కళనంతా చవకబారు సరుకుతో ఒకే గాట కట్టాడు. మ్యూజియంలు ఆయన కాన్వాసుల్ని నేలమాళిగల్లోకి దించాయి, కొన్ని తక్కువ ధరకి అమ్మేసుకున్నాయి.

1970ల తర్వాత చరిత్రకారులు వేరే ప్రశ్న వేయడం మొదలుపెట్టారు: ఆ కాలపు జనం నిజంగా ఏం చూశారు, ఏం కొన్నారు? 1984-85లో పారిస్ పెతీ పలేలో, మాంట్రియల్‌లో, అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో ఆయన చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. 1986లో ఓర్సే మ్యూజియం తెరిచినప్పుడు మానేతో పాటు కబనెల్, బూగరోలు కూడా గోడకెక్కారు. అది ద్రోహమని కొందరు అన్నారు, న్యాయమని కొందరు అన్నారు. 2000 ప్రాంతం నుంచి ఇంటర్నెట్‌లో ఆయన్ని దేవుడిలా నిలబెట్టే బృందాలు తయారయ్యాయి. వాళ్ళు పాత అన్యాయాన్ని సరిదిద్దుతూ కొత్తదొకటి చేస్తున్నారని నా అభిప్రాయం. బూగరోని ఎత్తడానికి సెజాన్‌కి బొమ్మ గీయడం రాదని అనాల్సిన పనేముంది?

మన దేశంతో ఈ కథకి సంబంధం ఉంది, కాకపోతే నేరుగా కాదు. పురాణ ఘట్టం, తైలవర్ణాల నునుపు, మోడల్ నుంచి తీసిన శరీరం, దానికి చవకైన అచ్చు ప్రతులు: రవివర్మ 1894లో బొంబాయిలో మొదలుపెట్టిన ముద్రణాలయం చేసింది ఇలాంటి పనే. యూరప్ అకడమిక్ పద్ధతి ఇక్కడ శకుంతల, దమయంతి ముఖాలు తొడుక్కుంది. మన పూజగదుల్లో లక్ష్మీ సరస్వతుల పటాల వెలుగునీడల్లో ఆ బడి జాడ ఇప్పటికీ ఉంది. రాజమండ్రి దామెర్ల రామారావు కూడా బొంబాయి జె.జె. స్కూల్లో అలాంటి శిక్షణే పొంది, తర్వాత తన గీతని వేరే దారికి మళ్ళించుకున్నాడు.

2019లో ఏం జరిగింది

బూగరో తాను వేసినవాటిలో ఎక్కువ ఇష్టపడ్డవాటిలో "బాకస్ యవ్వనం" ఒకటి. 1884 నాటిది. ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పు, మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు. అంత పెద్ద కాన్వాస్ అప్పట్లో అమ్ముడుపోలేదు, పారిస్‌లో ఆయన స్టూడియోలోనే ఉండిపోయింది. ఆయన, ఆ తర్వాత ఆయన వారసులు కలిపి 135 ఏళ్ళు దాన్ని తమ దగ్గరే ఉంచుకున్నారు. 2019 మే నెలలో న్యూయార్క్‌లో సోదబీస్ దాన్ని వేలానికి పెట్టింది. అంచనా ధర 2.5 కోట్ల నుంచి 3.5 కోట్ల డాలర్లు. ఎవరూ ఆ ధరకి ముందుకు రాలేదు. అదే వారంలో అదే ఊళ్ళో మోనే గడ్డివాముల చిత్రమొకటి 11 కోట్ల డాలర్లకి పైగా పలికింది.

దీన్ని బూగరో ఓటమిగా చదివినవాళ్ళు ఉన్నారు. ధర పెట్టినవాళ్ళ అత్యాశగా చదివినవాళ్ళూ ఉన్నారు. ఆయన చిన్న చిత్రాలు, ముఖ్యంగా పల్లెపిల్లలవి, లక్షల డాలర్లకి ఇప్పటికీ తేలిగ్గానే అమ్ముడుపోతున్నాయి. కొనేవాళ్ళకి ఆయన దగ్గర కావలసింది 1870ల్లో ఏదో ఇప్పుడూ అదే. వాళ్ళు అడగని బూగరో ఓర్సేలో నరకంలోనూ, స్ట్రాస్‌బర్గ్‌లో ఆ చేతులెత్తిన మాత దగ్గరా ఉన్నాడు. ఆయన మీద తీర్పు చెప్పదలచుకున్నవాళ్ళు ముందు ఆ రెండింటినీ చూడాలి. పల్లెపిల్లల్ని తర్వాత చూడొచ్చు.